భానోజీ గారి శుద్ధ కూర్పు

2083 నాటికి గోదావరి లంకల్లో పదిహేనుమంది చనిపోయిన డాక్టర్లు రోజూ డ్యూటీ చేస్తున్నారు. వాళ్ళందరినీ ఒక అల్యూమినియం పెట్టెలో సర్దుకుని సోలార్ లాంచీలో లంకలంకకీ తిప్పడం గుత్తుల వకుళ ఉద్యోగం.

వకుళ డెల్టా వైద్య గ్రంథాలయంలో సంచార గ్రంథపాలకురాలు. యాభై ఏడేళ్ళ మనిషి. ఆమె పాఠకులంతా లంకల్లో ఆరోగ్య కేంద్రాలు నడిపే నర్సులు, కాంపౌండర్లు, ఒంటరి డాక్టర్లు. వాళ్ళు గ్రంథాలయానికి రాలేరు కాబట్టి గ్రంథాలయమే వాళ్ళ రేవుకి వెళ్తుంది. ఒకప్పుడు పుస్తకాలు ఇచ్చేవారు. ఇప్పుడు స్మృతిపలకలు ఇస్తున్నారు.

స్మృతిపలక అరచేతిలో ఇమిడే నల్లటి బిళ్ళ. పేరున్న డాక్టర్ని బతికుండగానే మూడు నెలలు కూర్చోబెట్టి, తలకి పట్టీ కట్టి, ఆయన జీవితంలో చూసిన కేసులన్నీ మళ్ళీ చూపిస్తారు. అప్పుడు మెదడులో వెలిగే దారుల్ని అచ్చు తీస్తారు. ఇంజనీర్లు దాన్ని న్యూరల్ ఇంప్రింట్ అంటారు. లంకల్లో మాత్రం పలక డాక్టరు అంటారు. వైద్యగ్రంథం ఏం చెబుతుందో చెప్పడానికి పలక అక్కర్లేదు. నలభై ఏళ్ళు రోగుల్ని చూసిన మనిషికి గుమ్మంలో అడుగు పెట్టగానే ఏం తోస్తుందో, పలక అది చెబుతుంది. అదీ ఆయన గొంతుతోనే.

ఆ రోజు ఉదయం పదింటికి వెంపలలంక నుంచి ఫోను వచ్చింది. అక్కడి కేంద్రం నడిపే నర్సు నేలపూడి కెజియా.

"వకుళ గారూ, హర్షితమ్మ పోయిందండి. పొద్దున్న ఆరింటికి."

వకుళ లాంచీ వేగం తగ్గించింది. "మొన్న శనివారం మోక్షిత పోయింది కదా. అదే జ్వరమా?"

"అదేనండి. ఇప్పుడు మూడో మనిషి. ఇషాని అని, పాతికేళ్ళ పిల్ల. నిన్నటి నుంచి మాట తడబడతంది. భానోజీ గారిని అడిగితే డెంగీ అంటున్నారండి. తొంభై నాలుగు శాతం ఖాయమంట. సెలైన్లు ఎక్కించమంటున్నారు. ముందు ఇద్దరికీ అదే చెప్పేరు, అదే చేసేను."

"రక్తపరీక్ష?"

"మిషను ఏ జ్వరమో తేల్చట్లేదండి. కొత్తరకమేమో." కెజియా గొంతు తగ్గించింది. "ఒక మాట అడగనా? ఇది పాత భానోజీ గారైతే ఇంత ధైర్యంగా చెప్పేవారంటారా?"

ఆ ప్రశ్న ఎవరో ఒకరు అడుగుతారనే వకుళ ఆరు వారాలుగా భయపడుతోంది.

డాక్టర్ కడలి భానోజీ పలక లంకలన్నిటిలోకీ గిరాకీ ఉన్న పలక. ఆయన పోయి పాతికేళ్ళవుతున్నా రోగులు ఆ బిళ్ళకి దండం పెట్టి కూర్చునేవారు. అయితే దానికో జాడ్యం ఉండేది. జ్వరంతో ఆడమనిషి ఎవరైనా వస్తే చాలు, ఉన్నట్టుండి గొంతు మారిపోయేది. "అందర్నీ బయటికి పంపండి. మళ్ళీ అడగండి," అనేది. ఆ తర్వాత, "మూడో మంచం ఆవిడ లేచిందా?" అని అడిగేది. లేని మంచం గురించి ఏం చెబుతారు? అత్తగార్లు గొడవకి దిగేవారు, మొగుళ్ళు గుమ్మంలో నిలబడి పోట్లాడేవారు. ఒక్క త్రైమాసికంలో అరవై ఒక్క ఫిర్యాదులు వచ్చాయి. అందులో కెజియాది కూడా ఉంది.

పాఠకుడి ఇబ్బందే గ్రంథపాలకుడికి ఆజ్ఞ. వకుళ ఫిర్యాదులన్నీ తీసుకెళ్ళి అమలాపురంలోని స్మృతిశాలలో ఇంజనీరు సలాది ధీరజ్ ముందు పెట్టింది. అతను ఆ అచ్చులో వేరుశనగ గింజంత ముడిని పట్టుకుని తీసేశాడు. శుద్ధ కూర్పు తయారైంది. తర్వాత వకుళ తన వృత్తిలో అందరూ చేసే పనే చేసింది. వైద్య గ్రంథాలయంలో కొత్త కూర్పు వచ్చాక పాతది అరలో ఉండకూడదు. పాత మోతాదు చూసి ఎవరైనా మందిస్తే ప్రాణం పోతుంది. అందుకని పాత ప్రతులన్నిటినీ రేవు రేవులో తన చేత్తోనే తుడిచేసింది. పుస్తకానికి పెట్టిన నియమం మనిషికి పెట్టింది. ఆ ముడిలో ఏముందని ఒక్కసారైనా అడగలేదు.

"కెజియా, అందర్నీ బయటికి పంపమన్నాక ఆయన ఏం చెప్పేవారు?"

"వినలేదండి," అంది కెజియా. "ఆ మాట రాగానే మీట నొక్కి ఆపేసేదాన్ని. అందరం అంతేనండి."

"ఇషానిని కనిపెట్టుకుని ఉండు. సాయంత్రంలోపు ఫోన్ చేస్తాను."

ఒకే ఒక్క పాత ప్రతి మిగిలి ఉంది. రికార్డుల్లో మాత్రం అది లేదు. తుమ్మచివరలో ఉండే రిటైర్డు కాంపౌండరు పితాని సతీష్ దాన్ని మూడేళ్ళ కింద తీసుకెళ్ళి తిరిగి ఇవ్వలేదు. ఏడు నోటీసులు పంపి, ఎనిమిదోది పంపడానికి మనసొప్పక వకుళే జాబితాలో 'పోయినది' అని రాసేసింది. ఎనభై నాలుగేళ్ళ మనిషిని పోలీసులకి పట్టిస్తుందా ఏం.

ఆమె లాంచీ తుమ్మచివర వైపు తిప్పింది.

సతీష్ అరుగు మీద కూర్చుని బీరకాయ చెక్కు తీస్తున్నాడు. పలక పక్కనే పీట మీద ఉంది. వకుళని చూసి పీట మీద తువ్వాలు కప్పాడు.

"కనపడిందిలే బాబాయ్," అంది వకుళ.

"ఏవీ లేదమ్మా అక్కడ. సబ్బు."

"సబ్బు దగ్గుతోంది మరి."

తువ్వాలు కింద నిజంగానే ఎవరో గొంతు సవరించుకున్నారు. సతీష్ తల వంచుకున్నాడు. "నా పెన్షన్ ఆపేస్తావా?"

"ఆపను. ఒక్క గంట ఆయనతో మాట్లాడనియ్యి. ఒక పిల్ల చావుబతుకుల్లో ఉంది."

ముసలాయన తువ్వాలు తీశాడు. "ఆయన దగ్గర ముప్పయ్యేళ్ళు మందులు కలిపేనమ్మా. పోయేక కూడా వదల్లేకపోయేను. రోజూ ఈ టైముకి ఒకటే అడుగుతారు. చూడు."

పలక అడిగింది. మెత్తటి, అలిసిపోయిన గొంతు. "సతీష్, మూడో మంచం ఆవిడ లేచిందా?"

"లేచిందండి," అన్నాడు సతీష్ ఎంతో అలవాటుగా. "పాలు తాగిందండి. కూర్చోబెట్టేమండి."

"హమ్మయ్య," అంది పలక.

మూడేళ్ళుగా ఈ అరుగు మీద రోజూ ఇదే జరుగుతోంది.

"నిజంగా లేచిందా బాబాయ్?"

సతీష్ బీరకాయ కింద పెట్టాడు. "2031లో పోయిందమ్మా. నేనున్నాను ఆ వేళ. ఎందుకు పోయిందో నాకు చెప్పలేదు. ఆయనకి తెలుసు. అడిగితే నాలుగు రోజులు అన్నం మానేసేవారు. అందుకే ఇలా చెప్పి పడుకోబెడతన్నాను."

వకుళ పలకని చేతిలోకి తీసుకుంది. ముప్పయ్యేళ్ళుగా పాఠకుల దగ్గర కూర్చుని నేర్చుకున్న పని ఒకటే: మనిషికి కావలసినదానికీ, అతను అడిగేదానికీ మధ్య ఎంత దూరం ఉందో కనిపెట్టడం. ఈ మనిషి యాభై ఏళ్ళుగా ఒకే ప్రశ్న అడుగుతున్నాడు. ఎవరూ నిజం చెప్పలేదు.

"డాక్టరు గారూ, నేను గ్రంథాలయం వకుళని. ఆవిడ లేవలేదండి. పోయింది."

సతీష్ చెయ్యి అడ్డం పెట్టబోయి ఆగిపోయాడు. అవతల కాలవలో ఎవరో పడవ తోసుకుపోతున్న చప్పుడు.

"అవును," అంది పలక చివరికి. "నాకు తెలుసు. చంద్రకాంతం. ఇరవై ఆరేళ్ళు. వరద తీసిన నెల అది."

"ఏమైందండి?"

"ఐదు రోజుల జ్వరం. డెంగీ అనుకున్నాను. ఒంటి మీద పుండు గానీ మచ్చ గానీ ఉందా అని అడిగాను. అత్తగారు తలాపున నిలబడి ఉంది. చంద్రకాంతం లేదన్నట్టు తలూపింది. నేను రెండోసారి అడగలేదు. బయట నలభై మంది ఉన్నారు. శవానికి స్నానం చేయించిన ఆడవాళ్ళు చూశారు. రొమ్ము కింద సిగరెట్టు కాల్చినట్టు నల్లటి పొక్కు. పురుగు కాటు. స్క్రబ్ టైఫస్. రెండు మాత్రలేస్తే బతికేది. ఆ మాత్రలు నా జేబులోనే ఉన్నాయి."

వకుళ అప్పటికే ఫోను చెవి దగ్గర పెట్టుకుంది.

"కెజియా, అందర్నీ బయటికి పంపు. ఇషాని ఒంటి మీద ఎక్కడైనా నల్లటి పొక్కు ఉందేమో వెతుకు."

"అత్తగారు ఆద్య గారు కదలనంటన్నారండి. కోడలు పరాయివాళ్ళ ముందు బట్టలు విప్పడమేంటని."

"ఫోను ఆవిడకియ్యి." అవతల గొంతు వినపడగానే వకుళ నెమ్మదిగా అంది, "అమ్మా, నేను డెల్టా గ్రంథాలయం నుంచి. మీరు ఐదు నిమిషాలు అరుగు మీద కూర్చుంటే మీ కోడలు బతకొచ్చు. కూర్చోకపోతే రేపు స్నానం చేయించేటప్పుడు మీకే కనపడుతుంది."

అవతల తలుపు వేసిన చప్పుడు వినపడింది. నాలుగు నిమిషాలు గడిచాయి. సతీష్ పెదవులు కదులుతున్నాయి, ప్రార్థిస్తున్నాడో లెక్కపెడుతున్నాడో.

"ఉందండి," అంది కెజియా. "చంకలో. బొట్టుబిళ్ళంత. నల్లగా."

"అది స్క్రబ్ టైఫస్. డాక్సీసైక్లిన్ మాత్ర ఉందా?"

"అలమర నిండా ఉందండి." అప్పుడామె ఏడ్చేసింది. "నిండా ఉందండి వకుళ గారూ. ఆ ఇద్దరికీ కూడా సరిపోను."

మూడో రోజుకి ఇషాని లేచి కూర్చుంది. వకుళ ఇద్దరి చావులూ, మూడో మనిషి బతుకూ దాచకుండా నివేదిక రాసింది. శుద్ధ కూర్పుకి ఒప్పుకున్న సంతకం తనదేనని, పాత ప్రతులు తుడిచింది తనేనని రాసింది. గ్రంథాలయం ఆమెని తప్పు పట్టలేదు. సతీష్ ప్రతి నుంచి పాత భానోజీని మళ్ళీ అచ్చు తీసి, శుద్ధ కూర్పు పక్కనే అరలో పెట్టారు. ఏది కావాలో పాఠకులే ఎంచుకుంటారు.

మూడు నెలల్లో శుద్ధ కూర్పుని రెండు వందల పన్నెండు మంది తీసుకెళ్ళారు. పాతదాన్ని ఒక్కరు కూడా ముట్టుకోలేదు.

వకుళ వెంపలలంక వెళ్ళినప్పుడు కెజియా మెడలో వేలాడుతున్నది కూడా శుద్ధ కూర్పే.

"నువ్వూనా?" అంది వకుళ.

"నేను ఇప్పుడు అందరికీ చంకలు చూస్తన్నానండి, నాకు గుర్తుంది," అంది కెజియా, కళ్ళు తిప్పుకుని. "కానీ ఆయన మాట రోజూ వినలేనండి. నాకు ఇప్పటికే పోయినోళ్ళు ఇద్దరున్నారు. ఆయన కూడా తోడైతే నేను పన్లోకి రాలేను."

వకుళ పెట్టె మూసి లాంచీ ఎక్కింది.

మరుసటి సంవత్సరం వకుళకి రిటైర్‌మెంటు వచ్చింది. అన్ని లంకలూ, అందరు పాఠకులూ తెలిసిన మనిషి అనుభవం పోకూడదని గ్రంథాలయం నిర్ణయించింది. కొత్తగా చేరే సంచార గ్రంథపాలకులకి ఆమె పలక అరువిస్తారు. మూడు నెలలు తలకి పట్టీ కట్టుకుని కూర్చుంది. ఆఖరి రోజు ధీరజ్ తెర మీద ఆమె అచ్చు చూపించాడు. నీలం దారుల మధ్య ఒకచోట ఎర్రగా గట్టిపడిన ముడి ఉంది.

"ఇదేంటో మీకు తెలుసనుకుంటానండి," అన్నాడు.

"మోక్షిత, హర్షిత," అంది వకుళ.

"ఏ కొత్త కూర్పు గురించి అడిగినా మీ పలక ముందు వాళ్ళ పేర్లే చెబుతోందండి. పాతది తుడవొద్దు, తుడవొద్దు అంటోంది. ఇద్దరు ట్రైనీలకి ఇచ్చి చూశాం. ఒకమ్మాయి గంటకే తిరిగిచ్చేసింది." అతను కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు. "మీ ఇష్టమండి. ఉంచమంటే ఉంచుతాను. ఉంచితే మిమ్మల్ని ఎవరూ తీసుకెళ్ళరు. భానోజీ గారి పాత ప్రతి పక్కన, అదే అరలో ఉంటారు. తీసేస్తే ముప్పయ్యేళ్ళ పనితనం అంతా మిగులుతుంది. ఇదొక్కటే పోతుంది."

"పలకకి పోతుంది. నాకు?"

"మీకు ఉంటుందండి. దానికి నేనేం చెయ్యలేను."

వకుళ తెర వైపు చూసింది. ఆ ముడిని ఉంచితే ఏం జరుగుతుందో, తీస్తే ఏం జరుగుతుందో ఈ భూమ్మీద అందరికన్నా ఆమెకే బాగా తెలుసు. అరలో దుమ్ము పట్టి, అడిగేవాళ్ళు లేక, చీకట్లో ఆ రెండు పేర్లే చెప్పుకుంటూ కూర్చునే తన గొంతు ఆమెకి వినిపించింది. ఏ సతీషూ రాడు. ఎవరూ తువ్వాలు కప్పరు.

"తీసెయ్యండి," అంది.

ధీరజ్ మరోసారి అడగలేదు. బయట ఇంకా చాలామంది వేచి ఉన్నారు.

శుద్ధి చేసిన పలకని పక్కగదిలో ట్రైనీలకి ఇచ్చారు. గోడ అవతల నుంచి వకుళకి తన గొంతు వినపడింది. తేటగా, ఉత్సాహంగా, ఎప్పుడూ ఏ తప్పూ చెయ్యని మనిషి గొంతు. పిల్లలు ఏదో అడిగారు, అది టక్కున చెప్పింది, అందరూ నవ్వారు.

"ఎంత హాయిగా చెబుతున్నారో మేడం," అంది ఎవరో అమ్మాయి.

మధ్యాహ్నం భోజనాల వేళకి ఆ పలక అరువు కోసం పదకొండు మంది పేర్లు రాయించుకున్నారు.