ఫెజ్‌లో నలభై మూడు ఫొటోలు

ఏసీ ఫిల్టరు విప్పితే దుమ్ము రావాలి. సౌదీలోని రాస్ తనూరాలో రామప్రసాద్ ఫ్లాటుకి రిపేరుకొచ్చిన భూమేష్ విప్పిన ఫిల్టర్లోంచి ఢిల్లీ ఆర్డరు వచ్చింది.

"చిట్టి వచ్చింది సార్," అన్నాడు భూమేష్ నిచ్చెన మీదినుంచే. నిజామాబాద్ మనిషి. పైకి మెయింటెనెన్స్ హెల్పరు, లోపల ఏజెంట్ నంబర్ ఫోర్.

రామప్రసాద్ పైకి ఇన్‌స్ట్రుమెంట్ ఇంజినీరు, లోపల ఆ తీరం మొత్తానికి స్టేషన్ చీఫ్. చిట్టీ చదివాడు. సౌదీవాళ్లకే ఉద్యోగాలనే నితాఖత్ రూలు దెబ్బకి తమ కవర్ కంపెనీ రెడ్ కేటగిరీలో పడింది, ఇకామాలు, అంటే నివాస పర్మిట్లు, రెన్యువల్ కావు. పదకొండు మంది ఏజెంట్లూ కొత్త పేర్లతో కొత్త కఫీల్, అంటే స్పాన్సర్, దగ్గర చేరుతున్నారు. ఆ లిస్టు ఢిల్లీకి ఫోన్లో పంపడానికి వీల్లేదు, మనిషి చేతికే ఇవ్వాలి. చోటు మొరాకోలోని ఫెజ్ నగరం. వేషం టూరిస్టు. రెండు రోజులు భార్యాభర్తల్లా ఊరు చూసి, వెనక ఎవరూ పడలేదని తేలాక కార్డు చేతులు మారాలి. కొరియర్ పేరు వర్ష. పారిస్‌లో పుట్టి పెరిగింది. సౌదీలో అడుగు పెట్టలేదు.

"పక్కూరు ఖోబర్‌ల ఒక ఆడామె ఉన్నదట గద సార్. మనోళ్లను ఇద్దర్ని మాయం జేసింది ఆమెనే అంటున్నరు. మొఖం ఎవ్వలు జూడలే. లిస్టు ఆమె చేతుల వడితె?"

"పడదులే."

"మాయమయ్యేటోళ్లల్ల నేను గూడ ఉంట సార్. గందుకే అడుగుతున్న."

ఆ బిల్డింగులో ఇరవై నాలుగు ఫ్లాట్లు. కుటుంబంలో తలకింత అని కట్టే ఫ్యామిలీ లెవీ వచ్చాక ఒక్కో సంసారమూ ఫైనల్ ఎగ్జిట్ కొట్టించుకుని ఇండియాకి వెళ్లిపోయింది. ఎదురింటి నాగమల్లేశ్వరిగారు వెళ్తూ వెళ్తూ ఇచ్చిన ఆవకాయ సీసా ఖాళీ అయి ఆర్నెల్లయింది. రామప్రసాద్‌కి పెళ్లి కాలేదు, ఉద్యోగం కానివ్వలేదు. నిజం చెప్పొద్దూ, రెండు రోజులు ఒక మనిషి పక్కన నడిచి ఊరు చూడాలంటే అతనికి భయం కన్నా ముందు సంబరం కలిగింది.

ఫెజ్ పాత ఊరి నీలి గేటు దగ్గర ఒకామె ఎదురొచ్చింది. ఎర్ర స్కార్ఫు, నల్ల కళ్లద్దాలు.

"ఈ గేటు లోపలివైపు ఏ రంగండీ?" అంది తెలుగులో.

"పచ్చ. లోపలికెళ్తేగానీ తెలియదు," అన్నాడతను. కోడ్ సరిపోయింది.

అతని మెడలో కెమెరా. లిస్టు దాని మెమొరీ కార్డులోనే, ఫొటోల మధ్య దాగి ఉంది. షట్టరు వరసగా మూడుసార్లు టకటకా నొక్కితే కార్డు కాలి బూడిదవుతుంది.

ఇక ఊరు చూడటం. గాడిద ఎదురొస్తే గోడకి అతుక్కుపోవాల్సినంత ఇరుకు సందులు. రాగి బిందెలు సాగగొట్టే చౌకులో చెవులు చిల్లులు పడ్డాయి. తోళ్లు నానబెట్టి శుద్ధి చేసే తొట్లు చూడ్డానికి మిద్దె ఎక్కితే, కంపుకి విరుగుడుగా తలా ఒక పుదీనా రెమ్మ ఇచ్చారు. తనది వాసన పోయిందని వర్ష అతని రెమ్మ లాక్కుంది. దారిన పోయేవాళ్లని పిలిచి మరీ ఇద్దరికీ కలిపి ఫొటోలు తీయించింది. ఒకచోట ఆగి, "కాలరు మడత పడిందండీ," అంటూ సర్దింది. అతని కాలరు మరొకరు సర్ది ఎన్నేళ్లయిందో లెక్క లేదు. ఆ సాయంత్రం హోటల్లో అతను ఆ ఫొటోలన్నీ ఒక్కొక్కటే చూసుకున్నాడు. చీఫ్ చేయకూడని పని అది. చేశాడు, ఏం చేస్తాం.

రెండో రోజు మధ్యాహ్నం మూడు దాటింది. వెనక ఎవరూ లేరు. కార్డు ఇచ్చేయొచ్చు. వర్ష చెప్పుల షాపులో పసుపు తోలు చెప్పులు ఏరుతోంది. అంతలో మసీదులోంచి నమాజుకి పిలిచే అజాన్ వినిపించింది.

ఆమె చెప్పులు గబుక్కున బల్ల మీద పడేసి బయటికి నడిచింది. "రండి, మూసేస్తారు."

అతని కాలు అప్పటికే గడప దాటి ఉంది.

సౌదీలో అజాన్ వినబడితే షాపువాళ్లు కస్టమర్లని బయటికి పంపి షట్టరు దించేస్తారు. ఏళ్ల తరబడి ఆ షట్టర్ల బయట నిలబడినవాళ్ల కాళ్లు వాటంతటవే కదులుతాయి. ఫెజ్‌లో ఎవరూ షాపు మూయలేదు. చెప్పుల ముసలాయన వీళ్లకేమైందా అని చూస్తున్నాడు.

తన కాలు కదిలిందంటే అర్థముంది. పారిస్‌లో పుట్టి పెరిగిన కాలు ఎందుకు కదలాలి? తెలుసుకోకుండా ఉంటే బాగుండేదనిపించింది రామప్రసాద్‌కి.

"ఖోబర్‌లో ఎన్నేళ్లున్నారు?" అన్నాడు మెల్లగా.

ఆమె ముసలాయన వైపు, తెరిచి ఉన్న షాపు వైపు చూసింది. తప్పు తెలిసిపోయింది. హ్యాండ్‌బ్యాగులోంచి పిస్తోలు సైలెన్సర్ అతని పక్కటెముకలకి ఆనింది.

"ఏడేళ్లు. కెమెరా ఇవ్వు."

"అసలు వర్ష ఏది?"

"కాసాబ్లాంకా హోటల్లో నిద్రపోతోంది. రేపటికి లేస్తుంది."

"ఈ రెండు రోజులూ అంతా నటనేనా?"

"అంతా కాదు," అంది ఆమె. "ఇవ్వు."

"ఒక్క ఫొటో తీసి ఇస్తాను."

కెమెరా కంటికి ఎత్తాడు. అద్దంలో ఆమె ముఖం, వెనక పసుపు చెప్పుల వరస. వేలు మొరాయించింది. నలభై మూడు ఫొటోలు. మళ్లీ ఎవరు తీస్తారు? అంతలో నిచ్చెన మీద భూమేష్ గుర్తొచ్చాడు.

టక్. టక్. టక్.

కెమెరాలోంచి సన్నగా పొగ లేచింది. ఆమెకి అర్థమైంది. కాలిపోయిన కార్డు కోసం తూటా ఖర్చు చేసే మనిషి కాదు. "బాలక్, బాలక్," తప్పుకోమని కేకేస్తూ తోళ్ల మోపుతో ఒక గాడిద ఇద్దరి మధ్యకీ వచ్చింది. అది దాటిపోయేసరికి ఎర్ర స్కార్ఫు లేదు.

వారం తర్వాత రాస్ తనూరాలో భూమేష్ మళ్లీ నిచ్చెన ఎక్కాడు, కొత్త పేరుతో, కొత్త యూనిఫారంలో.

"ఢిల్లీవాళ్లు గరం మీద ఉన్నరు సార్. లిస్టు మల్ల పంపొచ్చట. ఖోబర్ ఆమె మొఖం జూసింది మీరొక్కరే గద, ఒక్క ఫొటో గూడ లేదా అని అడుగుతున్నరు."

"నలభై మూడుండేవి."

"ఎట్లుంటదో చెప్పుమంటున్నరు. రాసియ్యుండ్రి."

రామప్రసాద్ కాగితం తీసుకుని రెండు వాక్యాలు రాసి కొట్టేశాడు. చివరికి ఒక్క వాక్యం రాసి ఇచ్చాడు.

"కాలరు బాగా సర్దుతుంది."