కొండ మీద కొత్త కేబులు

ఆ కొండ మీది రేడియో గదికి మంచి పేరు లేదు. గాలి లేచిన రాత్రి అక్కడెవడో మూలుగుతాడట. మొదట చిటపట... తర్వాత పీక పిసికినట్టు ఒక మూలుగు. ఎప్పుడో టవరెక్కి జారిపడి చచ్చినవాడి ఘోష అని, ఊళ్లో సరదాకి రేడియోలు పెట్టుకున్నవాళ్లు చెప్పుకునేవారు.

ఆ దెయ్యం పుట్టుక తెలిసినవాళ్లు ఇద్దరే — ఒక మోటారు మెకానిక్కూ, అతని బావమరిదీ.

కొండ మీద రిపీటర్ పెట్టింది వాళ్లే. కింద నుంచి వచ్చే చిన్న రేడియో మాటని అందుకుని, అదే క్షణంలో అందరికీ గట్టిగా వినిపించే పెట్టె అది. వినడం, మాట్లాడడం రెండూ ఒకే కేబులు మీద, ఒకేసారి. అందుకే గొట్టంలా గట్టి రాగి తొడుగున్న కేబులు, వెండి పూత కనెక్టర్లు తెమ్మన్నాడు బావ. బావమరిది పెద్ద ఆరిందా, చెబితే వినే రకం కాదు. లోపల రేకు, దానిపైన తీగల అల్లిక ఉన్న మెత్తటి కేబులు తెచ్చి బిగించేశాడు. మామూలు రేడియోకి అది చాలు. ఇక్కడ మాత్రం గాలికి ఊగినప్పుడల్లా రేకూ తీగలూ రాసుకునేవి. ఆ రొద రిపీటర్ చెవిలోనే పడి, దాని నోట్లోంచే బయటికొచ్చేది.

తప్పు కప్పుకోవడానికి దెయ్యాన్ని మించిన దుప్పటి ఏముంది? బావమరిది దాన్ని పెంచి పోషించాడు. గాలి లేని రాత్రుళ్లు తనే ఇంట్లో రేడియో బటన్ నొక్కి మూలిగేవాడు. మొదట అందరూ హడలిపోయారు. అతని వేషాలని తెలిశాక పగలబడి నవ్వడం మొదలెట్టారు. కొండ కిందే కాపురముండే మందుల షాపాయనైతే, మూలుగు వింటే గానీ నిద్రపట్టదనేవాడు.

చివరికి బావే కొత్త రాగి కేబులు చుట్ట భుజానేసుకుని, చేతి రేడియో పట్టుకుని కొండెక్కాడు.

"నీ దెయ్యం పీక నొక్కి వస్తాన్రా బామ్మర్దీ," అన్నాడు వెళ్తూ.

చీకటి పడింది. గాలి లేచింది. ఇంట్లో అక్కా తమ్ముడూ రేడియో దగ్గర కూర్చున్నారు.

ఉన్నట్టుండి — మూలుగు.

అక్క ఉలిక్కిపడింది. "ఒరేయ్... అది మీ బావ గొంతులా లేదూ?" అంది గుసగుసగా.

"నా కేబులేలే అక్కా. ఇంకా మార్చినట్టు లేడు."

మళ్లీ మూలుగు. ఈసారి పొడుగ్గా... నోట్లో నీళ్లున్నట్టు. అక్క మొహం చూడలేక అతను వాల్యూమ్ తగ్గించాడు. అక్క అతని చెయ్యి తోసేసి మళ్లీ పెంచింది.

అప్పుడు గమనించాడు... చిటపట లేదు.

కిటికీ రెక్కలు టపటపా కొట్టుకుంటున్నాయి, అయినా చిటపట లేదు. అంటే బావ కొత్త కేబులు బిగించేశాడు. అందుకే ప్రతి చప్పుడూ శుభ్రంగా వినిపిస్తోంది. ఇనుప కడ్డీ ఒంటి మీద పడ్డ చప్పుడు. ఎముక విరిగిన చప్పుడు. అరిచే ఓపిక లేనివాడి ఊపిరి. ఆ వెనకాల ఎవడిదో కొత్త గొంతు —

"ఇంకా కదుల్తున్నాడ్రా... తల మీద వెయ్యి. రాగి తర్వాత కోద్దాం."

అక్క పెట్టిన కేకకి ఇల్లదిరింది. బావమరిది బటన్ నొక్కి అరిచాడు. పోలేదు. పైన బావ చేతి రేడియో బటన్ నొక్కుకునే ఉంది, దాని ముందు ఇతని గొంతు ఆనలేదు. మళ్లీ దెబ్బ. మళ్లీ... ఆ తర్వాత టక్కున బటన్ వదిలిన చప్పుడు. బావ చెయ్యి జారిపోయింది.

బావమరిది మళ్లీ బటన్ నొక్కాడు. తను పరిగెత్తినా అందుకోలేడు. ఇప్పుడు అందుకోగలిగింది ఆ మందుల షాపాయన ఒక్కడే.

"మా బావని చంపేస్తున్నారండీ! కొండ మీద... దొంగలు... మీకు దండం పెడతాను, పరిగెత్తండి!" ఏడుస్తూ అరిచాడు.

పక్కనే కూర్చుని మాట్లాడినంత స్పష్టంగా, నవ్వుతూ వచ్చింది మందుల షాపాయన జవాబు —

"అబ్బో! ఈసారి దొంగల్ని కూడా పెట్టావే! కానియ్, కానియ్... వింటున్నాం."