నాన్న పాటకు ఈల

డబుల్ ఏజెంట్ వెరేనా, పార్మా నగరపు ఒపేరా హౌస్ మెట్ల మీద కూలిపోతూ చెప్పింది రెండే ముక్కలు: "గ్యాలరీ నుంచి... చప్పట్లకు లేస్తాడు..."

ఆమె పట్టుగౌను మీద నెత్తురు ఆరకముందే, కల్నల్ తిరెల్లి గొంతు, హాలు లోపల గ్యాలరీలో కూర్చున్న ఏజెంట్ నివెస్ చెవి రిసీవర్‌లో గరగరలాడింది.

"సరిహద్దు దాటొచ్చిన రాకెట్ ప్రొఫెసర్ బాక్సులో తెరచాటున ఉన్నాడు. ఇప్పుడు గురి కుదరదు. పాట అవగానే చప్పట్లు కొట్టడానికి లేచి ముందుకొస్తాడు. అప్పుడు కాలుస్తారు. హంతకుడు నీ గ్యాలరీలోనే ఉన్నాడు."

"బాక్సులోకి మనిషిని పంపండి సర్."

"లోపల గడియ. తలుపు బాదితే లేచి నిలబడతాడు, చచ్చినట్టే."

"ప్రదర్శన ఆపించండి."

"పాట మొదలైపోయింది. హత్యను ఎలా ఆపుతావో, నువ్వే ఆపు."

నివెస్ ముసలి వేషపు నెరిసిన విగ్గు సర్దుకుని వేదిక వైపు చూసింది.

వేదిక మీద పాడుతున్నది ఆర్దెంగో ఫోకి. పాట 'వెళ్లిపోయే పడవ'. ఆ ఒపేరాను జనం ఏనాడో మరిచిపోయారు. ఆ ఒక్క పాటను మాత్రం ఆయన రికార్డు ప్రతి వంటింటికీ చేర్చింది. జైల్లో ఆ రికార్డు వింటూ బతికానని ప్రొఫెసరే చెప్పాడు. సొంత ఊరు పార్మా మాత్రం యవ్వనంలో ఫోకిని ఛీకొట్టే ఈలలతో తరిమేసింది. మళ్లీ ఇక్కడ పాడలేదు. పాట మానేసే ముందు ఒక్కసారి ఈ ఊరి చప్పట్లు వినాలని ఈ ఆదివారం మధ్యాహ్నం తిరిగొచ్చాడు.

ఆయన నివెస్ తండ్రి. కూతురు వ్యవసాయ శాఖలో గుమస్తా అని ఆయన నమ్మకం.

ఆఖరి పై స్వరం దగ్గర గొంతు వెంట్రుకవాసి జీరబోయింది. గ్యాలరీ అంతా విన్నది. పక్కన సలామీ రొట్టె నములుతున్న ముసలి ఇవో దవడ ఆగింది.

"విన్నావా అమ్మా?"

"విన్నాను."

"పోనీలే, ముసలాడైపోయాడు. ఇవాళ్టికి వదిలేద్దాం."

ఆ మాట వరుస వరుసకూ పాకింది. పార్మా గ్యాలరీ తప్పు వదిలేయడం ఎవరూ చూసి ఎరగరు. అరచేతులు పైకి లేచాయి. బాక్సులో తెర కదిలింది.

నివెస్ రెండు వేళ్లు నోట్లో పెట్టుకుని ఈల వేసింది.

ఆ ఊళ్లో ఒక్క ఈల చాలు.

"నోర్ముయ్యవే ముసలీ!"

"ఏం, జీరపోలేదా? నీకు చెవుల్లేవా?"

"ఒరే ఫోకీ, పోయి జున్ను అమ్ముకోరా!"

గ్యాలరీ పరువు పోతుందని ఇవో కూడా ఈల వేశాడు. గ్యాలరీ రేగితే ఇక్కడ వెంటనే లైట్లు వేస్తారు. బాక్సుల్లోని పెద్దమనుషులు తెరలు లాగేసుకుంటారు. ప్రొఫెసర్ తెర కూడా మూసుకుంది. వెలుతురులో గ్యాలరీ యావత్తూ వేదిక వైపు తిరిగి అరుస్తోంది, ఒక్కడు తప్ప. వాడు గొడుగు ఎత్తి బాక్సుకు గురిపెట్టి ఉన్నాడు. నివెస్ మోచేయి వాడి మెడ మీద పడింది. గొడుగులోని తూటా పైకప్పు సున్నం రాల్చింది.

వేదిక మీద ఆయన చేతులు వేలాడేసి ఇంకా నిలబడే ఉన్నాడు. తర్వాత మెల్లగా లోపలికి నడిచాడు.

విగ్గు తీసేసి మేకప్ గదిలోకి వెళ్లింది నివెస్.

"వచ్చావా తల్లీ. విన్నావా?"

"రైలు ఆలస్యమైంది నాన్నా. అందుకోలేకపోయాను."

"మంచిదేలే." ఆయన మొహం మీది రంగు తుడుచుకున్నాడు. "వదిలేశారమ్మా. చేతులెత్తారు, నా కళ్లతో చూశాను. ఇంతలో ఎవరో ఒకావిడ..." ఆగాడు. "ఆవిడ తప్పేం లేదు. గొంతు పోయిన మాట నిజమే."

నివెస్ ఆయనకు కోటు తొడిగింది. గుండీలు ఒక్కొక్కటే పెట్టింది.

చెవిలో కల్నల్ సంబరపడిపోతున్నాడు. "శభాష్! హాల్లో ఒక్కరికీ చిన్న గీత కూడా పడలేదని రిపోర్టులో రాయిస్తున్నా."