చీకట్లో పలికిన పేరు

ఎమ్మిగనూరు బస్టాండు గోడ మీద అంటించిన కాగితాన్ని వాదిరాజ వారం రోజులు చూసీ చూడనట్టు దాటిపోయాడు. ఎనిమిదో రోజు చుట్టుపక్కల ఎవరూ లేరని చూసుకుని ఫోన్లో ఫొటో తీసుకున్నాడు. తాగుడు మానాలనుకునేవాళ్ళు ప్రతి ఆదివారం సాయంత్రం ఆరు గంటలకు ఆదోనిలో కలుస్తారట. ఊరూ కులమూ అడగరట. కింద ఒక నంబరు.

పక్క ఊరు కావడమే మంచిదనుకున్నాడు. మంత్రాలయం దగ్గర గుడి సేవ చేసుకునే ఇంట్లో పుట్టినవాడు, బడిలో సైన్సు చెప్పే అయ్యవారు. సొంత ఊళ్ళో అలాంటి గడప తొక్కలేడు. ఇంట్లో భార్య పద్మాబాయి చివరి మాట చెప్పేసింది: "ఇంకొక్కసారి తాగితే ప్రార్థనను తీసుకుని పుట్టింటికి రాయచూరు వెళ్ళిపోతాను." పదేళ్ళ కూతురు ప్రార్థన ఆ మాట విని కూడా ఏడవలేదు. వాదిరాజకూ ఏడుపు రాలేదు. తండ్రి పోయిన శ్రావణం నుంచి అతనికి ఏదీ తగలడం లేదు. పంటికి మత్తు సూది వేసినట్టు మనసంతా మొద్దుబారిపోయింది.

ఆదోనిలో బస్సు దిగి ఆ నంబరుకు ఫోన్ చేశాడు. యూసుఫ్ సాబ్ అనే పెద్దాయన ఎత్తాడు.

"యాడుండావప్పా? ఆడనే నిలబడు, వస్తాండా."

వచ్చి చెయ్యి పట్టుకుని తీసుకుపోయాడు. పాత పత్తి గోదాము పక్కన సన్నటి మెట్లు. నూనె చెక్క వాసన, తడిసిన గోనెసంచుల వాసన. పైన తలుపు బయట చెప్పులు విడిచి లోపలికి వెళ్ళారు. గుండ్రంగా వేసిన కుర్చీలు. అయిదుగురున్నారు. ఒక్కొక్కరే పేరు చెప్పి తమ సంగతి చెబుతున్నారు. మారెప్ప అనే హమాలీ తాగిన మైకంలో కొడుకు పెళ్ళి ఎట్లా చెడగొట్టాడో చెబుతూ ముఖం కప్పుకున్నాడు. వాదిరాజ తలుపు దగ్గరి కుర్చీలో కూర్చుని గోడ గడియారం చూస్తున్నాడు. తన వంతు వస్తే లేచి వెళ్ళిపోదామనుకున్నాడు.

ఏడు కావస్తుండగా కరెంటు పోయింది.

"పోతే పోనీలే," అన్నాడు యూసుఫ్ సాబ్. "సెప్పేటోళ్ళు సెప్పండి. మొగాలు కనపడకుంటేనే మాట బాగా వస్తాది."

కింద ఎక్కడో ఆటో పోయిన చప్పుడు. తర్వాత అదీ లేదు. గదిలో ఉన్నట్టుండి తడి మట్టి వాసన వేసింది.

"నా పేరు వాదిరాజ," అంది ఒక గొంతు.

అది అతని గొంతే.

వాదిరాజ చెయ్యి నోటి మీదికి పోయింది. పెదాలు మూసే ఉన్నాయి.

"నేను తాగుబోతును. మా నాన్న పోయిన రోజు నేను బడిలో ఉన్నాననుకుంటారు ఇంట్లో. లేను. పెరటి వైపు నుంచి వచ్చి పక్క గదిలో తాగి పడుకున్నాను. ఆయన పిలిచాడు. పదకొండుసార్లు పిలిచాడు. అన్నీ విన్నాను... లేవలేదు."

ఈ సంగతి ప్రపంచంలో ఒక్కడికే తెలుసు. కాదు నేను కాదు అని అరవాలనుకున్నాడు. నాలుక కదల్లేదు. ఆ గొంతు ఏడుస్తోంది. తనకు రాని ఏడుపు, వెక్కి వెక్కి... తన కుర్చీలోంచే. తన ఒళ్ళోంచే.

తర్వాత తలుపు కిర్రుమంది.

మెట్ల మీద అడుగులు. దిగుతున్నాయి. నింపాదిగా...

కరెంటు వచ్చింది. అందరూ వాదిరాజనే చూస్తున్నారు. యూసుఫ్ సాబ్ కళ్ళు తుడుచుకుని అతని భుజం మీద చెయ్యి వేశాడు.

"మొదటి దినమే ఇంత సెప్పినోళ్ళు లేరప్పా. బరువు దిగిపోయింది పో."

"నేను... చెప్పలేదు."

మారెప్ప జాలిగా నవ్వాడు. "నాకూ మొదట్లో అట్లనే అనిపిచ్చినాదిలేన్నా."

టీ ఇచ్చారు. తాగాడు. రుచి తెలియలేదు. బయటికొస్తే అతని చెప్పులు లేవు. ఎవరో మారుపడి వేసుకుపోయుంటారన్నారు. ఉత్త కాళ్ళతో బస్టాండుకు నడిచాడు. కంకర గుచ్చుకుంటోందని తెలుస్తోంది, నొప్పి మాత్రం లేదు. దారిలో మందు షాపు వెలుగుతూ కనబడింది. ఆగలేదు. ఆ విన్నదంతా తన నోటితోనే పద్మకు చెప్పెయ్యాలి. ఇప్పుడే. ఎమ్మిగనూరు బస్సు ఇంకా రాలేదు. ఫోన్ చేశాడు.

"పద్మా..."

"ఎవరండీ?" అంది ఆమె. గొంతులో ఎన్నాళ్ళకో తేలిక. "ఈ ఫోన్ మా వారిది. మీకు దొరికిందా? బస్సులో పోగొట్టుకున్నారట."

"పద్మా, నేనే."

"సరిగ్గా వినపడటం లేదండీ. ఆయన ఏడింటికే ఇంటికొచ్చారు. ఉండండి, ఇస్తాను." దూరంగా ఆమె పిలుపు. "ఏమండీ! మీ ఫోన్ ఎవరికో దొరికిందట."

నేల మీద అడుగుల చప్పుడు. నింపాదిగా దగ్గరికొచ్చింది. ఊపిరి తీసుకున్న శబ్దం లేదు.

"పరవాలేదు," అంది వాదిరాజ గొంతు, చాలా మెల్లగా, చాలా దయగా. "ఆ ఫోన్ మీరే ఉంచుకోండి."

వెనకాల ప్రార్థన కిలకిలా నవ్వుతోంది.

"అమ్మా, ఇట్రా, చూడు! అప్పట్నుంచీ నాన్న ఒక్కసారి కూడా రెప్ప కొట్టలేదు..."