మునిగిన మంచుముక్క

న్యూట్రాన్ ల్యాబ్ శాంపిల్ రూమ్‌లో సైంటిస్ట్ కుర్చీలోనే చనిపోయి ఉన్నాడు. ఎదురుగా నీళ్ళ గ్లాసు. పక్కన ఖాళీ ఐస్ ట్రే.

గుండెపోటని డాక్టర్ తేల్చేశాడు. శవాన్ని తీసుకెళ్ళారు. ఇన్‌స్పెక్టరమ్మకు మాత్రం మనసొప్పలేదు. గోడ అవతల న్యూట్రాన్ యంత్రం హోరు ఆగడంలేదు. ఆవిడ ఆ ఖాళీ కుర్చీ చుట్టూ ఒకసారి తిరిగింది.

"నిన్న ఏం జరిగింది?"

"ప్రొటీన్ మీదికి న్యూట్రాన్లు పంపి దాని ఆకారం చూస్తామండి," అన్నాడు ల్యాబ్ హెడ్. "దాన్ని భారజలంలో కలపాలి. ఈయన మామూలు నీళ్ళలో కలిపాడు. ఏడాది కష్టం మట్టికొట్టుకుపోయింది."

"ఒప్పుకున్నాడా?"

"రాత్రి ఫోన్ చేశాడు. పొరపాటు నాదే, ఇంకెవర్నీ అడక్కండి అన్నాడు."

"అబద్ధం," అంది చనిపోయినాయన భార్య. అదే రూమ్‌లో సీసాలు కడిగి సర్దే ఉద్యోగం ఆమెది. వేలికి తెల్ల ప్లాస్టర్. "లేబుల్ చూడకుండా చుక్క కూడా పొయ్యరు మేడమ్. ఆయన తప్పు లేదని తేల్చండి. ఈ మచ్చతో ఆయన్ని సాగనంపలేను."

"చల్లనీళ్ళు తాగేవారా?"

"గొంతుకి పడదు. ఐస్ ముట్టనే ముట్టరు."

మరి ఐస్ దేనికి?

ఇన్‌స్పెక్టర్ హెడ్ వైపు తిరిగింది. "భారజలం చూస్తే తెలుస్తుందా?"

"తెలీదండి. అచ్చం నీళ్ళే. కాస్త బరువు, అంతే. గడ్డకడితే మామూలు నీళ్ళలో మునుగుతుంది."

బల్ల మీద 'భారజలం', 'మామూలు నీళ్ళు' అని లేబుళ్ళున్న రెండు సీసాల నీళ్ళూ ట్రేలో విడివిడిగా పోయించింది ఆవిడ. గడ్డకట్టేదాకా ఎవర్నీ కదలనివ్వలేదు.

'భారజలం' సీసా నీళ్ళతో కట్టిన మంచుముక్క కుళాయి నీళ్ళలో తేలింది. 'మామూలు నీళ్ళు' సీసాలోంచి వచ్చిన మంచుముక్క, కింద నుంచి ఎవరో లాగినట్టు, అడుక్కి పోయింది. హెడ్ వెనక్కి జరిగాడు.

"లేబుళ్ళు తారుమారయ్యాయి. రాత్రి ఆయన కనుక్కున్నదీ ఇదే."

"ఎవరు మార్చారు?" భార్య ముందుకొచ్చింది. "చెప్పండి మేడమ్. వాళ్ళని వదిలిపెట్టను."

ఇన్‌స్పెక్టర్ సీసాలు ఆమె ముందు పెట్టింది. రూమ్‌లోని మిగతా లేబుళ్ళన్నీ జిగురుతో అంటించినవి. ఈ రెండూ మాత్రం తెల్ల ప్లాస్టర్‌తో.

ఆమె తన వేలు చూసుకుంది.

"సీసాలు పైన కడుగుతుంటే లేబుళ్ళు ఊడిపోయాయి," అంది చివరికి. "ఆయన పనిలో ఉన్నారు, కదిలించడం ఎందుకని నేనే అంటించేశా."

ఆమె ఆ లేబుళ్ళని వేలితో తడిమింది.

"రాత్రి నాకూ ఫోన్ చేశారు. ఆలస్యమవుతుంది, తిని పడుకో అన్నారు. ఇంకేం అనలేదు."

ఇన్‌స్పెక్టర్ రిపోర్టు కాగితం ముందుకు లాక్కుంది. "మీరు అడిగింది తేలిందమ్మా. ఆయన తప్పు లేదు."

ఆమె కళ్ళు తుడుచుకుని ఆ కుర్చీని బల్ల దగ్గరికి జరిపింది.

"రిపోర్టులో అదే రాయండి మేడమ్. పొరపాటు ఎవరిదో కూడా రాయండి."