మాటకే మొదటి హక్కు

2079 నాటికి సాలూరు కొండల్లో జనం ఇంటి వసారాల్లోనే చిన్న విమానాలు కట్టుకుంటున్నారు. సౌర తుఫానులకు ఉపగ్రహాలు పాడైపోయాక, దారి చూపడానికి నేలమీది రేడియో స్తంభాలే మళ్లీ దిక్కయ్యాయి. ఇరుకు విమానంలో దారి యాంటెన్నా, మాట యాంటెన్నా పక్కపక్కనే ఉండేవి. పైలట్ నోరు విప్పాడంటే దిక్కుల ముల్లు పిచ్చెత్తినట్టు తిరిగేది.

ఆ పోరు తీర్చడానికి హైమవతి ‘తరంగ తీర్పరి’ని కనిపెట్టింది. గోరంత చిప్ అది. ఒక యాంటెన్నా పనిచేస్తుంటే రెండోదాన్ని ఆపేస్తుంది. మొదట ఆమె దారికే పెద్దపీట వేసింది. మాట మధ్యలో తెగిపోతుంటే గాల్లో ఒంటరిగా ఉన్నట్టుందని పైలట్లు గోల పెట్టారు. కొండ ఊళ్లకు మందులు చేరవేసే యోహాను అది మార్చమని వారం రోజులు ఆమె వెంటపడ్డాడు. చివరికి ఆమె మాటకే మొదటి హక్కు ఇచ్చింది. మాట్లాడే బొత్తాం నొక్కి ఉన్నంతసేపూ ముల్లు కదలదు. వదిలితే మళ్లీ దారి చూపుతుంది.

ఆ మధ్యాహ్నం యోహాను మబ్బులో చిక్కుకున్నాడు. హైమవతి షెడ్డులో రేడియో ముందు కూర్చుంది.

“అక్కా, తెలుపు తప్ప ఏటీ అవుపడ్డం లేదు. ముల్లు కదలడం లేదక్కా.”

ఆమె మైకు అందుకుంది. షెడ్డులోని రేడియో యంత్రం నెమ్మదిగా చెప్పింది: “అవతలి బొత్తాం నొక్కి ఉంది. మీ మాట వెళ్లదు.”

ఇంకో మార్గం చూడమంది ఆమె. లేదంది యంత్రం.

యోహాను ఆపకుండా మాట్లాడుతూనే ఉన్నాడు. ఒడిలో ఉన్న పాముకాటు మందు గురించి చెప్పాడు. అందుకోసం ఎదురుచూస్తున్న పిల్ల పేరు చెప్పాడు. భయం పెరిగేకొద్దీ ఆ బొత్తాన్ని ఇంకా గట్టిగా నొక్కుతున్నాడని ఆమెకు తెలుస్తూనే ఉంది. ఊపిరి పీల్చుకోవడానికైనా ఒక్క క్షణం వదులుతాడేమోనని చూసింది. బొత్తాం వదలకుండానే తీసిన ఊపిరి చప్పుడు కూడా వినిపించింది.

“ఏటి సెయ్యమంటావో సెప్పక్కా. నువ్వు సెప్పినట్టే సేస్తాను. పలకవేటి?”

ఆమె మైకు నోటికి ఆనించుకుని అలాగే కూర్చుంది. అతను ఆమె జవాబు కోసం బతిమాలుతూనే ఉన్నాడు, వేలు మాత్రం తీయలేదు.

హఠాత్తుగా రేడియో మూగబోయింది.

“దారి ఖాళీ అయింది. ఇప్పుడు మాట్లాడవచ్చు” అంది యంత్రం.

“బొత్తాం వదులు, యోహానూ” అంది హైమవతి. సాయంత్రం దాకా అదే మాట అంటూ ఉండిపోయింది.