పడవ అడుగున టక్ టక్

పడవ నది మధ్యకు వచ్చేసరికి ఒక్కసారిగా జోరు తగ్గింది. ఇంజను మాత్రం మునుపటికంటే గట్టిగా మూలుగుతోంది.

"ఏటయినాదయ్యా?" అంది పదేళ్ల తవిటమ్మ.

చుక్కాని దగ్గరున్న అయ్య సూరయ్య ఇంజను మీదికి వంగాడు.

పొద్దెక్కి గంటయినా మంచు విడలేదు. ఏ వైపు చూసినా ఒడ్డు కనిపించడం లేదు. పడవ మధ్యలో అమ్మ అసిరమ్మ కూర్చుంది. ఆమె ఒడిలో ఐదేళ్ల తమ్ముడు చినబాబు. మూడు రోజులుగా వాడికి జ్వరం. రాత్రి నుంచి కళ్లు తెరవడం లేదు. ఆసుపత్రేమో అవతలి ఒడ్డున ఉంది.

టక్. టక్. టక్.

పడవ అడుగు నుంచి చప్పుడు. ఎవరో కింద నుంచి తలుపు కొడుతున్నట్టు ఉంది.

"ఓలమ్మో! కింద ఎవులో ఉన్నారు," అంది అసిరమ్మ. "నిరుడు ఇక్కడే ఇద్దరు ములిగిపోనారు. ఆల్లే పడవని పట్టుకున్నారు."

"నువ్వుండెహె!" అన్నాడు సూరయ్య.

తవిటమ్మ గబుక్కున కాళ్లు బల్ల మీదికి లాక్కుంది. ఆ చోట మీరున్నా అదే పని చేసేవారు లెండి.

సూరయ్య డీజిలు చూశాడు. నిండా ఉంది. ఫిల్టరు విప్పాడు. శుభ్రంగా ఉంది. గేరు తీశాడు. ఇంజను హాయిగా తిరిగింది, చప్పుడు ఆగిపోయింది. గేరు వేశాడు. నల్లటి పొగ వచ్చింది. పడవ కదల్లేదు. మళ్లీ టక్, టక్, టక్.

"ఇన్నావా? నువ్వు కదిల్తే ఆల్లూ కదుల్తన్నారు," అని గుసగుసలాడింది అసిరమ్మ.

మంచులో ఎక్కడి నుంచో హోరు మొదలైంది. అది సముద్రం. నది సముద్రంలో కలిసే మొగ వైపు నీరు పడవను లాక్కుపోతోంది. అక్కడి కెరటాల్లో పడితే పెద్ద పడవలే తలకిందులవుతాయి.

"గేరుపెట్టె పాడయినట్టున్నాది. విప్పాల," అన్నాడు సూరయ్య.

తవిటమ్మ ఊపిరి బిగబట్టి వింది. అది చేత్తో కొట్టే చప్పుడు కాదు. ఇనుము చప్పుడు! ఆమె గబుక్కున పడవ వెనక వైపు చూసింది.

పాత తెరచాప పడవ ముందు భాగానికి అమ్మ ఎప్పుడూ దిష్టి కట్టేది. నిమ్మకాయ, ఎండుమిరపకాయలు, ఎద్దు లాడం. ఈ కొత్త మోటారు పడవ వచ్చాక అయ్య వద్దన్నాడు. "ఇంజనుకి దిష్టేటి? దానికి నూనె కావాల," అని నవ్వేశాడు.

తవిటమ్మకు నవ్వు రాలేదు. ఈ పడవను తోసేది వెనక నీళ్లలో తిరిగే పంకా. మరి దిష్టి కూడా దానికే కదా తగిలేది! అందుకే నిన్న పడవ ఇసుక మీద ఉన్నప్పుడు, ఎవరూ చూడకుండా, పంకా పక్కనే దిష్టి కట్టింది. నూలు తాడయితే తెగిపోతుందని అయ్య నైలాను తాడులోంచి మూరెడు కోసింది. ఆ తాడును అయ్య ఆమదాలవలస నుంచి తెప్పించాడు. ముట్టుకుంటే వీపు చీరేస్తానని అయ్య ముందే చెప్పాడు.

చెప్తే దెబ్బలు. చెప్పకపోతే?

చినబాబు చెయ్యి అమ్మ ఒడిలోంచి జారి వేలాడుతోంది. హోరు దగ్గరవుతోంది.

"అయ్యా! కింద ఉన్నది ఆల్లు కాదు. నాను కట్టిన లాడం. తాడు పంకాకి సుట్టుకున్నాది," అని ఏడుస్తూ అంతా చెప్పేసింది.

సూరయ్య ఆమెను ఒక్క క్షణం చూశాడు. ఇంజను ఆపేశాడు. అదే నైలాను తాడు నడుముకు కట్టుకుని, రెండో కొస ఆమె చేతిలో పెట్టాడు.

"రెండుసార్లు లాగితే, మీ అమ్మా నువ్వూ లాగండి."

కత్తి పళ్ల మధ్య పెట్టుకుని దూకాడు. చల్లటి నీరు అతణ్ని మింగేసింది. తాడు కదిలింది. తర్వాత కదలడం మానేసింది. తవిటమ్మ ముప్పై వరకు లెక్కపెట్టింది. ముప్పై ఒకటి అనబోతుంటే తాడు రెండుసార్లు గుంజింది.

పైకొచ్చిన సూరయ్య చేతిలో తెగిన తాడు ఉండ, దానికి వేలాడుతూ లాడం. దాన్ని పడవలో పడేసి ఇంజను వేశాడు. పడవ ముందుకు ఉరికింది.

ఆసుపత్రిలో సూది వేశారు. సాయంత్రానికి చినబాబు కళ్లు తెరిచి బెల్లం ముక్క అడిగాడు. అయ్య ఆ రోజంతా తవిటమ్మను తిట్టలేదు, కొట్టలేదు. ఆమెకు అదే ఎక్కువ కష్టమనిపించింది.

ఐదు రోజులకు నలుగురూ తిరుగు ప్రయాణమయ్యారు. మళ్లీ అదే మంచు. నది మధ్యలో, అదే చోట, టక్.

ఒక్కసారే. తవిటమ్మ తప్ప ఎవరూ వినలేదు.

"అయ్యా, ఆపు! అడుగున సప్పుడయినాది," అని తవిటమ్మ లేచి నిలబడింది.

సూరయ్య ఎదురు ప్రశ్న వెయ్యలేదు. ఇంజను ఆపాడు, తాడు కట్టుకుని దిగాడు, పైకొచ్చాడు.

"పంకాకి ఏటీ నేదు."

"ఈసారి నానేటీ కట్టనేదయ్యా."

"తెలుసు."

"మరి కొట్టినోల్లు ఎవులు?" అని అడిగాడు చినబాబు.

అసిరమ్మ కొంగులోని తమలపాకు తీసి, నిరుడు మునిగిపోయిన ఆ ఇద్దరి కోసం మెల్లగా నీటి మీద విడిచింది.

సూరయ్య నైలాను తాడు చుట్ట చుట్టి తవిటమ్మ చేతికిచ్చాడు.

"ఇది నీ కాడుంచు. ఎనక కూకో. మళ్లీ ఇనపడితే సెప్పు," అన్నాడు.